ముప్పై రోజుల మగతనం

నవంబరు వచ్చిందంటే మా బోయిన్‌పల్లిలో రెండు రకాల దీక్షలు మొదలవుతాయి. ఒకటి కళ్ళకి కనపడేది. నల్ల పంచెలు, మెళ్ళో మాలలు, కాళ్ళకి చెప్పులు లేని స్వాములు తెల్లారకుండానే చన్నీళ్ళ స్నానాలు చేసి రోడ్డు మీద కనిపిస్తుంటారు. రెండోది కనపడదు. అది ఫోన్లో ఉంటుంది. నవంబరు 1 నుంచి 30 దాకా హస్తప్రయోగం చెయ్యకుండా ఉండాలి. పేరు 'నో నట్ నవంబర్'. నెలాఖరు దాకా ఉన్నవాడు వీరుడు, మధ్యలో జారినవాడు అవుట్. మొదట్లో ఇది ఇంగ్లీషు ఇంటర్నెట్ కుర్రాళ్ళ జోకు. 2017, 2018 ప్రాంతంలో ప్రపంచమంతా పాకింది. ఇప్పుడు మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో కూడా నవంబరు ఒకటో తారీఖున ఎవడో ఒకడు ఆ స్టిక్కర్ పెడతాడు, పదిమంది నవ్వుతారు.

జోకు జోకులాగే ఉంటే నాకేం పేచీ లేదు. ఎవడి నెల వాడిది, ఎవడి ఒళ్ళు వాడిది. గడ్డం తియ్యను అన్నా, చాయ్ తాగను అన్నా, ఇంకేదో చెయ్యను అన్నా నాకెందుకు? కానీ ఈ జోకు వెనకాలే ఇంకో సరుకు వస్తోంది. "ముప్పై రోజులు ఆపితే ముఖంలో తేజస్సు వస్తుంది, జ్ఞాపకశక్తి పెరుగుతుంది, గొంతు గంభీరంగా మారుతుంది, అమ్మాయిలు వాళ్ళే చూస్తారు. ఆపకపోతే నరాలు చచ్చిపోతాయి." వెనకాల ఆంజనేయస్వామి బొమ్మ, పక్కన కండలు తిరిగిన ఓ జిమ్ శరీరం, అదిరిపోయే మ్యూజిక్. తెలుగులోనే, మన యాసలోనే. దీన్ని చూసి మాత్రం నవ్వలేకపోతున్నాను. ఎందుకో చెప్తా.

మా కింద పోర్షన్లో అద్దెకుండే కుర్రాడు ఒకడున్నాడు. బీటెక్ మూడో సంవత్సరం. పోయిన నవంబరులో ఒక రాత్రి డాబా మీద నన్ను పట్టుకుని, చాలాసేపు అటూ ఇటూ తిప్పి, చివరికి అడిగాడు: "అన్నా, పోయిందంతా మళ్ళొస్తదా?" ఏం పోయిందిరా అంటే సిగ్గుపడుతూ ఫోన్ తీసి ఒక యాప్ చూపించాడు. పంతొమ్మిది రోజులు లెక్కపెట్టిన అంకె ముందురోజు రాత్రి సున్నా అయింది. వాడి లెక్క ప్రకారం మూడు సబ్జెక్టులు తప్పడానికి కారణం అదే. జుట్టు ఊడటానికి కారణం అదే. క్లాసులో నలుగురిలో మాట్లాడలేకపోవడానికీ అదే. పాకెట్ మనీ దాచి రెండు వేలు పెట్టి ఏదో పొడి కూడా తెప్పించుకున్నాడు. ఇరవై ఏళ్ళవాడు, చక్కగా తిని తిరిగేవాడు, తన ఒంట్లో సారమంతా అయిపోయిందని నమ్మి నిద్రపోవడం లేదు.

ఇదెక్కడో విన్నట్టు ఉందా? ఉంటుంది. మనందరం చదివిందే, గోడల మీద. 'రహస్య వ్యాధులా? నరాల బలహీనతా? యవ్వనంలో చేసిన పొరపాట్లా?' ప్రతినెలా ఫలానా తారీఖున ఫలానా లాడ్జిలో ఫలానా రూములో డాక్టరుగారు ఉంటారు. రైలు మరుగుదొడ్ల తలుపుల మీద, బస్టాండు మూత్రశాలల్లో అతికించే కాగితాలు. అలాంటి ప్రకటనలు చట్టప్రకారం నేరం. 1954లోనే డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం వచ్చింది. లైంగిక శక్తి పెంచుతామని మందుల ప్రకటన ఇవ్వకూడదని అందులో స్పష్టంగా ఉంది. చట్టానికి డెబ్భై ఏళ్ళు దాటాయి, గోడలు ఇంకా అలాగే ఉన్నాయి. కాకపోతే ఇప్పుడా డాక్టరు లాడ్జి రూము ఖాళీ చేసి రీల్స్‌లోకి మకాం మార్చాడు. అద్దె కూడా కలిసొచ్చింది.

ఈ భయానికి వైద్యంలో ఒక పేరు ఉంది. 1960లో నరేంద్రనాథ్ విగ్ అనే మన దేశపు సైకియాట్రిస్టు దీనికి 'ధాత్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. ధాతువు పోతోంది, అందుకే నీరసం, అందుకే మతిమరుపు, అందుకే గుండెదడ అనుకుంటూ కుర్రాళ్ళు డాక్టర్ల దగ్గరకి వస్తారు. పరీక్షలు చేస్తే ఒంట్లో ఏమీ ఉండదు. ఉన్నదల్లా ఆందోళన, అపరాధభావం. మందుకంటే ముందు చెయ్యాల్సింది కూర్చోబెట్టి విషయం విడమరచి చెప్పడం. తెలుగులో ఆ పని మా తాతల కాలం నుంచీ చేసినాయన డాక్టర్ సమరం. విజయవాడలో నాస్తిక కేంద్రం నడిపిన గోరాగారి అబ్బాయి. స్వాతి వారపత్రికలో ఏళ్ళ తరబడి జవాబులు రాశారు. చాలా ఇళ్ళల్లో ఆ పేజీని పెద్దవాళ్ళు చూడకుండా చదివేవాళ్ళు, పెద్దవాళ్ళు పిల్లలు చూడకుండా చదివేవాళ్ళు :) ప్రశ్నలు వేరే ఊళ్ళ నుంచి వచ్చినా ఎక్కువ భాగం ఒకటే ప్రశ్న. జవాబూ ఒకటే: దీనివల్ల బలహీనత రాదు, భయపడకు. అంతమందికి అన్నేళ్ళు చెప్పిన జవాబుని ఒక్క ముప్పై సెకన్ల వీడియో చెరిపేస్తోంటే కడుపు మండదా?

సరే, లెక్కలోకి వద్దాం. నలభై చుక్కల రక్తం కలిస్తే ఒక చుక్క వీర్యం అనే మాట మనదేనని, మన ఋషులు కనిపెట్టిందని చాలామంది గర్వంగా చెప్తారు. ఆయుర్వేదంలో అన్నం నుంచి రసం, రక్తం, మాంసం, మేదస్సు, అస్థి, మజ్జ దాటి ఏడో ధాతువుగా శుక్రం వస్తుందన్న మాట నిజమే. సూక్ష్మదర్శిని లేని రోజుల్లో శరీరాన్ని అర్థం చేసుకోవడానికి చేసిన ఒక ప్రయత్నం అది, దాన్ని వెక్కిరించను. కానీ సరిగ్గా ఇదే నలభై లెక్క స్విట్జర్లాండులో టిస్సో అనే డాక్టరు కూడా చెప్పాడు, 1760లో వేసిన పుస్తకంలో. ఒక ఔన్సు వీర్యం పోతే నలభై ఔన్సుల రక్తం పోయినంత అన్నాడు. ఆ పుస్తకం పట్టుకుని యూరప్ వంద సంవత్సరాలకి పైగా పిల్లల్ని హడలగొట్టింది. తర్వాత తెలుసుకుని వదిలేసింది. వాళ్ళు పారేసిన చెత్తనీ మన ఇంట్లో పాత సామానునీ కలిపి ఇప్పుడు 'ప్రాచీన విజ్ఞానం' అని మనకే అమ్ముతున్నారు.

నిజానికి జరిగేది ఇది. ఒకసారి బయటికి వచ్చేది సుమారు ఒక టీ చెంచాడు. అందులో శుక్రకణాల వాటా నూటికి అయిదు పాళ్ళ లోపు. మిగతాదంతా ప్రోస్టేటు, దాని పక్కనుండే గ్రంథులు తయారుచేసే ద్రవం. నీళ్ళు, కాస్త చక్కెర, కాస్త ప్రోటీను. ఒక్కో శుక్రకణం తయారవడానికి రెండు నెలల పైనే పడుతుంది కానీ ఆ ఫ్యాక్టరీకి ఆదివారం లేదు, పండగ సెలవు లేదు, రోజూ కోట్లలో తయారవుతూనే ఉంటాయి. వాడనివి శరీరమే విరగ్గొట్టి కలిపేసుకుంటుంది. అంటే దాచిపెట్టుకునే బ్యాంకు ఖాతాయే లేదు, ఇంక వడ్డీ ఎక్కడిది?

"మరి టెస్టోస్టిరాన్ పెరుగుతుందని సైంటిస్టులే తేల్చారుగా!" అంటారు. ఆ రీసెర్చి సంగతీ చూద్దాం. 2003లో చైనాలో 28 మంది మగవాళ్ళ మీద చేసిన చిన్న పరిశోధన అది. ఏడో రోజున టెస్టోస్టిరాన్ మొదటి స్థాయికి 145.7 శాతానికి చేరిందని రాశారు. నిజమే. కానీ ఆ తర్వాత ఏం జరిగింది? పెరుగుతూ పోలేదు. ఆ శిఖరం తర్వాత క్రమమైన హెచ్చుతగ్గులేవీ కనపడలేదని వాళ్ళే రాశారు. 28 మంది, ఒక్క రోజు, ఒక్క శిఖరం. 2011లో ఆ పేపర్ గురించిన కబుర్లలోంచే అలెగ్జాండర్ రోడ్స్ అనే అమెరికన్ వెబ్ డెవలపర్ 'నోఫ్యాప్' మొదలుపెట్టాడు. ఏడు రోజుల మాట ముప్పై అయింది, ముప్పై తొంభై అయింది. గ్రాఫులో ఒక్క పాయింటు చూసి సరళరేఖ గీసేవాడిని మా కాలేజీలో లాబ్ ఎక్స్‌టర్నల్ ఏం చేసేవాడో ఇంజినీరింగ్ చదివిన వాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఇంకో పక్క చూడండి. నవంబరులోనే 'మూవెంబర్' అని ఇంకోటి ఉంది. 2003లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో మొదలైంది. మీసాలు పెంచి, ప్రోస్టేట్ క్యాన్సర్ లాంటి మగవాళ్ళ జబ్బుల గురించి మాట్లాడించి, చందాలు పోగుచేసేది. అదే ప్రోస్టేటు గురించి అమెరికాలో దాదాపు 32 వేల మంది మగవాళ్ళని ఏళ్ళ తరబడి గమనించి 2016లో ఒక పేపర్ వేశారు. నెలకి 21 సార్లు, అంతకంటే ఎక్కువగా స్ఖలనం జరిగే వాళ్ళలో, 4 నుంచి 7 సార్లు జరిగే వాళ్ళకంటే ప్రోస్టేట్ క్యాన్సర్ సుమారు 20 శాతం తక్కువ కనపడింది. దీనివల్లే అది తగ్గిందని అనలేం, రెండూ కలిసి కనపడ్డాయి అంతే. కాబట్టి నేను దీన్ని పట్టుకుని ఎదురు చాలెంజ్ పెట్టబోవడం లేదు. కానీ 28 మందిని నమ్మినవాడు 32 వేల మందిని ఎందుకు నమ్మడు? నమ్మడు, ఎందుకంటే వాడికి కావలసింది లెక్క కాదు.

ఇక ఆ యాప్ సంగతి. ఇది నా వృత్తికి సంబంధించిన విషయం కాబట్టి కాస్త గట్టిగానే మాట్లాడతాను. ఒక అంకె. రోజు గడిస్తే ఒకటి కలుపు, తప్పితే సున్నా చెయ్యి. ఇంతే కోడ్. రెండు లైన్లు. పంతొమ్మిది రోజులు ఉండి ఒకరోజు తప్పినవాడూ, ఒక్కరోజు కూడా ప్రయత్నించనివాడూ ఆ యాప్ కళ్ళకి సమానం. ఏడాదిలో ఒక్కసారి సర్వర్ పడిపోతే, లాగులన్నీ చెరిపేసి, "ఇవాళ్టి నుంచి మొదటి రోజు" అని బోర్డు పెట్టేవాడిని మనం ఇంజినీరు అంటామా? ఎందుకు పడిపోయింది, ఆ రోజు ఏం జరిగింది, నిద్ర లేదా, పరీక్షా, ఒంటరితనమా అని చూడాలి కదా. అది చూసే ఓపిక ఈ యాపుకి లేదు. ఎందుకంటే దాని పని మిమ్మల్ని బాగుచెయ్యడం కాదు, రేపు కూడా మీచేత తెరిపించడం. మా భాషలో దాన్ని రిటెన్షన్ అంటారు. వీళ్ళు రెండర్థాల్లోనూ రిటెన్షన్ మీదే బతుకుతున్నారు.

ఈ సున్నా చేసే అపకారం ఏంటో అలవాట్ల మీద పనిచేసిన అమెరికన్ సైకాలజిస్టు అలన్ మార్లాట్ 1980లలోనే చెప్పాడు. పూర్తిగా మానాలన్న నియమం పెట్టుకున్నవాడు ఒక్కసారి తప్పితే, ఆ ఒక్క తప్పునీ తన చేతకానితనానికి సాక్ష్యంగా తీసుకుని మొత్తానికే వదిలేస్తాడు. మనవాళ్ళు ఇంకా తేలిగ్గా చెప్పారు: నిండా మునిగినవాడికి చలేంటి? డిసెంబరు ఒకటో తారీఖు మీద వచ్చే వెకిలి జోకులన్నీ దీని గురించే. ముప్పై రోజులు బిగబట్టి ముప్పై ఒకటో రోజున రెట్టింపు చేసేదాన్ని నిగ్రహం అని ఎట్లా అంటారో నాకర్థం కాదు.

ఇప్పుడు నామీదకి వచ్చే మూడు ప్రశ్నలకి ముందే జవాబు చెప్పేస్తాను.

ఒకటి. "అయ్యప్ప మాల వేసుకున్న స్వాములు కూడా బ్రహ్మచర్యం పాటిస్తారు కదా, వాళ్ళని అనే దమ్ముందా?" ఉంది, అనాల్సినవి నాకూ ఉన్నాయి. మాల వేసుకునేది మగాడు, నాలుగింటికి లేచి మడిగా వంట చేసేది ఇంట్లో ఆవిడ. దీక్ష పుణ్యంలో ఆవిడ వాటా ఎవరూ లెక్కకట్టరు. మాల తీసిన సాయంత్రమే బారుకి పోయే స్వాములూ మనకి తెలుసు. అయినా సరే, దాన్నీ దీన్నీ ఒకే గాట కట్టకండి. మండలం 41 రోజులు. అందులో బ్రహ్మచర్యం ఒక నియమం మాత్రమే. మద్యం లేదు, మాంసం లేదు, కోపంగా మాట్లాడకూడదు, నేల మీద పడుకోవాలి, ఎదురొచ్చిన ప్రతివాడినీ 'స్వామీ' అని పిలవాలి. ఆటో అతన్నీ అదే మాట, ఆఫీసులో మేనేజరునీ అదే మాట. మొదటిసారి వేసుకున్న కన్నెస్వామికి దారి చూపడానికి ఒక గురుస్వామి ఉంటాడు. పదిమంది కలిసి కూర్చుని భిక్ష తింటారు. చివర ఇరుముడి కట్టుకుని వెళ్ళే ఒక కొండ ఉంది. నమ్మండి, నమ్మకపోండి, ఆ 41 రోజుల్లో మనిషి పక్కవాళ్ళతో ఎలా ఉంటున్నాడన్నది నలుగురికీ కనపడుతుంది. మీ నవంబరులో ఏం కనపడుతుంది? చీకట్లో ఒక్కడు, ఫోన్లో ఒక అంకె. గురుస్వామి లేడు, కొండా లేదు. పైగా ఆ స్వామి ఎప్పుడూ "41 రోజులకి నా కండలు చూడు" అనలేదు.

రెండు. "పోర్న్ వ్యసనం నిజం కాదంటావా?" అననే అనను. రాత్రిళ్ళు తెల్లార్లూ చూసి, ఉద్యోగం పాడై, పెళ్ళాంతో మాటలు పోయి, మానాలనుకున్నా మానలేని వాళ్ళు ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11, 2022 జనవరి నుంచి అమల్లో ఉన్నది, అదుపు తప్పిన లైంగిక ప్రవర్తనని ఒక రుగ్మతగా గుర్తించింది. కానీ ఆ పేజీలోనే ఇంకో మాట కూడా ఉంది: కేవలం 'ఇది తప్పు' అనుకోవడం వల్ల వచ్చే బాధ ఒక్కటే ఉంటే అది ఈ రుగ్మత కిందకి రాదు. మా కింద పోర్షన్ కుర్రాడిది అచ్చంగా ఆ బాధే. వాడికి ముందు వ్యసనం లేదు, ముందు భయం వచ్చింది. నిజంగా అదుపు తప్పినవాడికి కావలసింది డాక్టరు. టెలిమానస్ అని కేంద్ర ప్రభుత్వపు ఉచిత ఫోన్ సహాయం 2022 అక్టోబరులో పెట్టారు, నంబరు 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు. స్టిక్కర్లు పంచే గ్రూపుల్లో ఈ నంబరు మాత్రం ఎవడూ పెట్టడు.

మూడు. "ఏదైనా నెలరోజులు మానడం మంచిదే కదా, నిగ్రహం అలవాటవుతుంది." ఏదైనా కాదండీ. ఏది మానుతున్నామన్నదే అసలు ప్రశ్న. బ్రిటన్లో 2013 నుంచి 'డ్రై జనవరి' నడుస్తోంది, నెలంతా మందు మానడం. సస్సెక్స్ యూనివర్సిటీ వాళ్ళు అందులో పాల్గొన్న వాళ్ళని ఆగస్టులో మళ్ళీ అడిగితే, ఇంతకుముందుకంటే తక్కువ తాగుతున్నామని చెప్పారు. మంచిదే! ఎందుకంటే మద్యం క్యాన్సర్ తెస్తుందని 1988లోనే తేల్చారు. నష్టం ఉన్న వస్తువుని తగ్గిస్తే లాభం ఉంటుంది. నష్టమే లేనిదాన్ని మానేస్తే వచ్చే లాభం ఏంటి? 'మానేశాను' అనే గర్వం, 'మానలేకపోయాను' అనే ఏడుపు. ఈ రెండూ తప్ప మూడోది లేదు.

అసలు మానడం, మాన్పించడం గురించి మన తెలుగువాళ్ళకి ఇంకొకరు పాఠం చెప్పాలా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. వాళ్ళ ముందు నిలబడింది వర్ధినేని రోశమ్మ. మొగుళ్ళకి ముప్పై రోజుల చాలెంజ్ పెట్టి కూర్చోలేదు వాళ్ళు. నష్టం ఎక్కడుందో, ఎవరికి జరుగుతోందో వాళ్ళకి తెలుసు. నేరుగా దుకాణం మీదకి వెళ్ళారు. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుంది, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో అది పోయింది, అది వేరే కథ. నాకు ఇక్కడ కావలసింది ఒక్కటే. వాళ్ళు తాగేవాడి సంకల్పబలాన్ని కొలవలేదు, అమ్మేవాడిని నిలదీశారు. మనం సరిగ్గా తిరగేసి చేస్తున్నాం. భయం అమ్మేవాడికి లైకు కొట్టి, కొనుక్కున్న కుర్రాడిని "అవుట్" అంటున్నాం.

ఇందులో ఆడవాళ్ళ ఊసు ఎక్కడుందో గమనించారా? ఆ వీడియోల్లో అమ్మాయి అంటే ఒక గండం. ఆమె ఫోటో ఒక ఉచ్చు, ఆమె నవ్వు ఒక పరీక్ష. ముప్పై రోజులు ఆమెని తప్పించుకుంటే, బహుమతిగా ముప్పై ఒకటో రోజున మళ్ళీ ఆమే వెంటపడుతుంది! ఆమెకి కూడా ఒక మనసుంటుందని, శరీరం ఉంటుందని, ఎదురుగా కూర్చుని మాట్లాడొచ్చని ఈ బ్రహ్మచారులకి ఎవరూ చెప్పరు. క్లాసులో అమ్మాయితో రెండు మాటలు మాట్లాడలేని కుర్రాడికి అసలు కావలసింది ఆ ధైర్యం. దాని బదులు వాడికి ఒక పొడి డబ్బా, ఒక సున్నా ఇచ్చి పంపిస్తున్నాం.

నేను ఎవర్నీ చెయ్యమనడం లేదు, మానమనడం లేదు. మీకు మనసు లేకపోతే మానెయ్యండి, దేవుడి కోసం అయితే దేవుడి కోసం మానెయ్యండి, నిద్ర చెడుతుంటే ఫోన్ పక్క గదిలో పెట్టి పడుకోండి. కారణం మీదైతే చాలు. కానీ ఇరవై ఏళ్ళ పిల్లాడు ఒంట్లో సత్తువ కారిపోయిందని అర్ధరాత్రి అద్దంలో ముఖం చూసుకుని ఏడిచేలా చేసే పనిని దయచేసి సంస్కృతి అనకండి, సైన్స్ అనకండి, కనీసం జోకు అని కూడా అనకండి. అది లాడ్జి డాక్టరు చేసే వ్యాపారం. మీరు ఫార్వర్డ్ చేసిన ప్రతిసారీ ఆయన తరఫున మీరు ఉచితంగా గోడకి కాగితం అతికిస్తున్నట్టే.

చాలెంజ్ లేకపోతే నవంబరు గడవదు అంటారా? అయితే ఇది పట్టండి. మీ ఇంట్లో తమ్ముడో, మేనల్లుడో, పక్కింటి కుర్రాడో ఉంటే, పైన చెప్పిన టీ చెంచా లెక్క ఒకసారి వాడికి చెప్పండి. సిగ్గుపడకుండా, వెకిలిగా నవ్వకుండా, పది నిమిషాలు. ముప్పై రోజులు అక్కర్లేదు.